కెజియాను అడగలేదు

అన్యాయం ఎవరికి జరిగింది? కెజియాకు. ఎలా జరిగింది? ఆమె గొంతుకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క చోటును, ఆమె తోడబుట్టిన అన్న, ఆమెను మాటమాత్రమైనా అడగకుండా దుకాణంలో ఇచ్చివేసి, దానికి మారుగా మరొకటి తెచ్చుకున్నాడు. ఆ చోటు నేనే. అందుచేత ఈ సంగతి చెప్పే అర్హత నాకు ఉంది. వినే ఓపిక మీకు ఉండాలి.

నేను ఒక ఆంప్లిఫయర్‌ను. గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపుదానను. గిటారు తీగ మీద వేలు కదిలితే పుట్టే చీమ చిటుకుమన్నంత సవ్వడిని సభంతా నిండేలా పెంచి పలకడం నా వృత్తి. స్విచ్ వేసీ వేయగానే పలకను. వాల్వులు వేడెక్కే వరకు ఎవరైనా ఆగవలసిందే. తొందరపాటు మనుషులంటే నాకు పుట్టుకతోనే గిట్టదు.

సికింద్రాబాదు లాలాగూడలో, రైల్వే క్వార్టర్ల వెనుక వీధిలో, రోచ్ అనే ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి రేడియోలు బాగుచేస్తుండేవాడు. నన్ను తయారుచేసింది ఆయనే. పాత టేకు బీరువా ఒకటి విప్పి నాకు ఒళ్ళు కట్టాడు. ముందువైపు పెద్ద స్పీకరు, నెత్తిన స్వరం హెచ్చించి తగ్గించే నాలుగు మరలు, వాటి పక్కన తీగలు గుచ్చే రంధ్రాలు రెండు. మొదటిది గిటారుకు, రెండోది మైకుకు. పక్క క్వార్టరులో ఉండే అన్నాచెల్లెళ్ళు సిల్వానస్, కెజియా ప్రతి సాయంత్రం వచ్చి, అతడు వాయిస్తూ ఆమె పాడుతూ ఉంటే, ఆయన నా లోపలి తీగలను విప్పి మళ్ళీ అతికేవాడు. గిటారు మోగుతున్నప్పుడు గొంతు మునిగిపోకూడదు, గొంతు లేచినప్పుడు గిటారు ముడుచుకోకూడదు. ఆ పొందిక కుదిరే వరకు ఆయన నన్ను వదలలేదు. అంటే, నా కొలత తీసింది ఒక్క గిటారుకు కాదు. ఒక ఆడపిల్ల గొంతుకు కూడా.

పని పూర్తయిన రోజున ఆయన ఇద్దరినీ నిలబెట్టి, తనకు వచ్చిన తెలుగులో చెప్పాడు.

"చూడు బాబూ, చూడు బేబీ. ఇది మీ ఇద్దరిది. ఒకళ్ళు తీసెయ్యాలంటే రెండోవాళ్ళని అడగాల. అడక్కుండా తీసేస్తే దొంగతనం. సమజైందా?"

"సమజైంది అంకుల్," అన్నారు ఇద్దరూ. సిల్వానస్ కొంచెం గట్టిగానే అన్నాడు. గట్టిగా ఒప్పుకునేవారిని ఎందుకు నమ్మకూడదో నేను నేర్చుకున్నది అతని వద్దనే.

అతడు నన్ను ప్రేమించలేదని అనను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. రైల్వే వారి వేడుకల్లో, పెళ్ళి విందుల్లో, చర్చి గుడి పాటల క్వైరులో నేను లేకుండా అతడు తీగ మీటలేదు. వానలో నడిచిన రోజున తన చొక్కా విప్పి నాకు కప్పాడు. "ఇట్లాంటి ఆంప్ ఇంకోటి పుట్టదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. నా నేరారోపణకు బలం అక్కడే ఉంది. గిటారు వాయించేవారికి ఒక వింత జబ్బు ఉంటుంది. నచ్చని వస్తువును వారు మార్చరు, అటకమీద పడేసి మరచిపోతారు. మార్చేది తాము ప్రేమించినదానినే. ఇంత బాగుంటే ఇంతకన్నా బాగున్నది ఎక్కడో ఉండి తీరాలి కదా అన్న దురాశ వారిని కూర్చోనివ్వదు.

ఆ దురాశకు నిప్పు రాజేసింది తోటి గిటారిస్టు ఒకడు. ఒకనాటి కార్యక్రమం తరువాత సిల్వానస్ పక్కన నిలబడి టీ తాగుతూ, "నీ ఆంప్ మంచిగనే ఉంది గానీ భయ్, పైన జర మెరుపు తక్కువ" అన్నాడు. అంతే. మరునాటి నుంచి సిల్వానస్‌కు నాలో మెరుపు వినిపించడం మానేసింది.

అసలు సంగతి ఇది. నేను నేల మీద ఉంటాను. నా స్పీకరు నేలకు దగ్గరగా, ముందుకు చూస్తుంది. సిల్వానస్ ఆరడుగుల మనిషి, నా ఎదుటనే నిలబడి వాయిస్తాడు. నా స్వరంలోని సన్నని మెరుపు అంతా సూటిగా అతని కాళ్ళకు తగిలి, ముందు వరుసలో కూర్చున్నవారి చెవులకు చేరేది. అతని చెవుల దాకా ఎక్కేది బరువైన గుమగుమ ఒక్కటే. మొద్దుగా ఉందనుకుని అతడు మెరుపు మరను తిప్పేవాడు. ముందు వరుసవారు చెవులు మూసుకునేవారు. వారు మూసుకున్నారు కదా అని తగ్గించేవాడు, మళ్ళీ మొద్దుగా ఉందని నన్ను తిట్టేవాడు. కాస్త వంగి వినాలన్న ఆలోచన అంత పొడుగు మనిషికి ఒక్కనాడూ రాలేదు. నాకు నోరుంది గాని, అది ఇతరుల మాట పలకడానికి మాత్రమే పనికివస్తుంది. నా మాట నేను చెప్పుకోలేకపోయాను.

ఒక సోమవారం నాడు కెజియా ఆసుపత్రిలో నర్సు శిక్షణకు వెళ్ళి ఉండగా, అతడు నన్ను ఆటోలో ఎక్కించుకుని పట్నంలోని వాద్యాల దుకాణానికి తీసుకుపోయాడు. నన్ను ఇచ్చి, నిగనిగలాడే కొత్తదాన్ని తెచ్చుకున్నాడు. దానికి మరలు పది. రంధ్రం మాత్రం ఒకటే. గిటారుకు.

ఆ శనివారం రైల్వే వారి హాలులో జరిగిన దానిని నేను కళ్ళారా చూడలేదు. తరువాత కెజియా నోటనే విన్నాను. ఆమె మైకు తీగ చేతిలో పట్టుకుని వేదిక ఎక్కిందట. కొత్త పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసిందట.

"అన్నా, నా వైరు యాడ పెట్టాలె?"

"హాలు మైకుల పాడు చెల్లె. ఈ ఒక్క ప్రోగ్రాముకే."

"మరి మనది యాడ వోయింది?"

"జనం జూస్తున్నరు. లొల్లి చెయ్యకు."

హాలు మైకు రైళ్ళ రాకపోకలు ప్రకటించడానికి తప్ప మరి దేనికీ పనికిరానిది. ఆమె పల్లవి ఎత్తగానే అది కీచుమంది. జనం నవ్వారు. ఆమె చరణం మధ్యలో ఆగిపోయింది, అతడు ఆగలేదు. ఆగని ఆ గిటారు గురించి తలచుకుంటే ఇప్పటికీ నా వాల్వులు స్విచ్ లేకుండానే ఎర్రబడతాయి. ఆ "ఒక్క ప్రోగ్రాము" తరువాత సొంత మైకుసెట్టు ఉన్న మరో గాయని వచ్చింది. కెజియా కాజీపేట రైల్వే ఆసుపత్రిలో ఉద్యోగం వేయించుకుని వెళ్ళిపోయింది. పాడడం మానేసింది. ఆమె ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఆమెను ఏదీ అడిగే అలవాటు అప్పటికే పోయింది.

దుకాణం మూలన దుమ్ము తాగుతూ నేనుండగా, సిల్వానస్ వచ్చి తన కొత్తదాన్ని ఇంకా కొత్తదానికి మార్చుకుపోవడం చూశాను. తరువాత దానిని కూడా. ప్రతిసారీ కళ్ళలో అదే మెరుపు, ప్రతిసారీ అదే మాట, "ఇగ ఇదే లాస్ట్." చివరికి విదేశాల నుంచి వచ్చిన కంప్యూటరు పెట్టె ఒకటి పట్టుకున్నాడు. వంద రకాల ఆంప్లిఫయర్ల గొంతులను అది అనుకరిస్తుందట. అందులో అతనికి అన్నింటికన్నా నచ్చినది "పాత వాల్వు స్వరం" అనే మీట అని దుకాణదారుడికి మురిసిపోతూ చెప్పాడు. నేను అతనికి మూడు మూరల దూరంలో, స్టూలు కింద ఉన్నాను. ఇంటి బావిని పూడ్చి, వీధిలో సీసా నీళ్ళు కొనుక్కుని, ఆహా ఎంత చల్లగా ఉన్నాయని మెచ్చుకునేవాడిని మీరు ఏమంటారో, నేనూ అదే అన్నాను.

అక్కడి నుంచి నన్ను కాజీపేట మైకుసెట్టు కొమురయ్య పట్టుకుపోయాడు. నాకు ఆకుపచ్చ రెక్సిన్ తొడిగించి, ముసలమ్మ అని పేరు పెట్టాడు. "ముసలమ్మను జర ఊపిరి తీసుకోనియ్యుర్రి, గప్పుడే మాట్లాడతది" అని, వాల్వులు వేడెక్కే దాకా పెళ్ళిపెద్దలను సైతం ఆపేవాడు. పెళ్ళికొడుకు మేనమామను భోజనానికి పిలిచాను, తప్పిపోయిన చెప్పుల జతలను ప్రకటించాను. నన్ను చేసిన పనికి ఇవి తగినవి కావు. అయినా కొమురయ్య నన్ను గౌరవంగా చూశాడు. అది దాచను.

ఒక గృహప్రవేశంలో కొమురయ్య "హలో, హలో" అంటూ నన్ను పరీక్షిస్తుంటే, విస్తరి ముందు కూర్చున్న ఒక నర్సమ్మ తినడం ఆపి లేచి వచ్చింది. ఎంగిలిచేత్తోనే నా ముందు నేల మీద చతికిలబడి వింది.

"ఈ పెట్టె నీకు యాడిదయ్యా?" అంది కెజియా.

కథ విన్న కొమురయ్య తల గోక్కున్నాడు. "నీదేనంటున్నవు గదమ్మా, ఒక్క ముక్క పాడు. ముసలమ్మ ఒప్పుకుంటే నేను ఒప్పుకున్నట్టే."

ఆమె పాడింది. ఏళ్ళ తరబడి మూసి ఉన్న గొంతు మొదట జీరపోయింది, తరువాత తన దారి తాను వెతుక్కుంది. నేను ఒప్పుకున్నానో లేదో వంటవాళ్ళు గరిటెలు వదిలి రావడమే చెప్పింది. విందు ముగిశాక కెజియా అతనిని తన ఇంటికి తీసుకుపోయి, అక్కడి కొత్త స్పీకరు పెట్టెను చూపి, "దీనికి బదులు అది తీసుకుంటవా? నీకు ఇష్టమైతేనే" అని అడిగింది. గమనించండి. అడిగింది. మారకం నేరం కాదు. అడగకపోవడమే నేరం.

కాజీపేట గుడిలో నేను మళ్ళీ నా పని చేశాను. మొదటి రంధ్రంలో సండేస్కూలు టీచరు ఎస్తేరు గిటారు, రెండోదానిలో కెజియా గొంతు. ఆ ఏడు కోతపండుగకు, అంటే అందరూ తెచ్చిన పంటను గుడిలో వేలం వేసే పండుగకు, సంఘంవారు హైదరాబాదు నుంచి పేరున్న గిటారిస్టును పిలిచారు. ఎవరిని పిలిచారో చెప్పనక్కరలేదు.

పండుగ ముందురోజు అభ్యాసానికి సిల్వానస్ ఆలస్యంగా వచ్చాడు. పాట నడుస్తోంది కనుక చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా చాప మీద, సరిగ్గా నా ఎదుట కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. పాట ముగియగానే ఎగిరి లేచాడు. చెల్లెలిని పలకరించడం కూడా మరచిపోయాడు. ఆకుపచ్చ రెక్సిన్ కింద ఉన్న నన్ను గుర్తుపట్టనూ లేదు.

"చెల్లె, ఏంది ఈ ఆంప్? నేను ఇన్నేండ్ల సంది ఎతుకుతున్న సౌండు ఇదే! కార్ల నా కొత్తది ఉంది. అది నువ్వు పెట్టుకో, ఇది నాకియ్యి."

"రేపటి వేలంల పాడుకోనీకి ఇది గుమ్మడికాయ కాదన్నా," అంది కెజియా. క్వైరులోని ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఒక్కసారి వాయించి సూస్త."

అతడు ఎస్తేరు చేతిలోని గిటారు అందుకుని, వేదిక మీద అలవాటైన తీరున నిటారుగా నిలబడి మీటాడు. నుదురు ముడిపడింది. "ఇప్పుడే మంచిగుండె గదా! మొద్దుగ వస్తుందేంది?" అతని చెయ్యి మెరుపు మర మీదికి వచ్చింది.

"చెయ్యి తియ్యి," అంది కెజియా. "కూసో."

"ఏంది?"

"చాప మీద కూసో. కూసోని వాయించు."

కూర్చున్నాడు. వాయించాడు. అతని వేళ్ళు తీగల మీదనే ఆగిపోయాయి.

"దీన్ని నువ్వు ఎన్నడూ వినలే అన్నా. నీ మోకాళ్ళు విన్నయి. లాలాగూడల గూడ అంతే. ఇది రోచ్ అంకుల్ చేసింది. నువ్వు ఇచ్చేసింది."

సిల్వానస్ నా నెత్తిన చెయ్యి పెట్టాడు. తరువాత, మనుషులకు సహజమైన పొరపాటే చేశాడు. "నా దగ్గరున్న ఆంపులన్నీ నీకే ఇచ్చేస్త చెల్లె."

"నువ్వు నాకు పెట్టెలు బాకీ లేవు."

"సారీ చెల్లె."

"ఇంట్ల తీసుకున్నదైతే ఇంట్ల ఇస్తే సరిపోతుండె. నా పాటను నువ్వు సభ ముందల తీసుకున్నవు. సభ ముందలనే ఇయ్యి."

మరునాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ వచ్చింది. స్వస్థత పొందినవారు, పంట దక్కినవారు లేచి చెప్పి కూర్చున్నారు. సిల్వానస్ లేచాడు. వేలమంది ఎదుట వాయించినవాడు, రెండు వందల మంది ఎదుట గిటారు లేకుండా నిలబడి చెప్పాడు.

"నా చెల్లె నాకంటే పెద్ద పాటగత్తె. మా ఇద్దరికి కలిపి ఒక పెద్దమనిషి ఆంప్ చేసిచ్చిండు. నేను ఆమెను అడగకుంట దాన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్న. ఆమె మైకు పట్టుకోని స్టేజి మీద నిలబడ్డది. జనం నవ్విన్రు. నేను వాయించుడు ఆపలే. ఆనాటి సంది ఆమె పాట బందయింది. అప్పుడు నాది చిన్నతనం…" అని చెల్లెలి వైపు చూశాడు. కెజియా కనురెప్ప కూడా కదపలేదు. అతడు తల దించుకుని దిద్దుకున్నాడు. "చిన్నతనం కాదు. ఆశ. తప్పు నాది. ఆమెది ఏం లేదు."

ప్రతి సాక్ష్యానికీ "స్తోత్రం" అనే ఆ గుడిలో, ఈసారి ఎవరూ అనలేదు. అనకపోవడమే మర్యాద అని వారికి తోచింది.

అతడు గిటారు తీగ చేతబట్టుకుని నా వద్దకు వచ్చాడు. గుచ్చలేదు. నిలబడ్డాడు.

"చెల్లె, పెట్టుకోవచ్చునా?"

కెజియా నా వాల్వులు వేడెక్కేంతసేపు ఆగింది. "పెట్టుకో. కూసోని వాయించు. చిన్నగ."

ఆమె పాడింది. అతడు చాప మీద కూర్చుని, ఆ గొంతు వెనుక, ఆ గొంతు కిందుగా వాయించాడు. ఒక్క చరణంలోనైనా ఆమెను దాటలేదు. ఆమె ఊపిరి తీసుకున్నచోట అతడు ఆగాడు. పాట పల్లవి నుంచి చివరి చరణం దాకా మొత్తంగా సభకు చేరింది. ఈసారి కెజియా పాట మధ్యలో ఆగలేదు.

బాకీ అణాపైసలతో సహా తీరింది. మరి నీవు అతనిని క్షమించావా అని మీరు అడగబోతారని నాకు తెలుసు. క్షమ బాకీ తీర్చలేనివారి కోసం. అతడు తీర్చాడు.