నాలుగు వేళ్ళ ఎత్తు

చెయ్యి అందలేదు.

డెల్మార్ స్టాంపర్ బండి కిటికీలోంచి కుడిచెయ్యి చాపి, పాతికేళ్ళ అలవాటు కొద్దీ అటు చూడకుండానే పెట్టె మూత లాగబోయాడు. వేళ్ళకి మూతకి బదులు గాలి తగిలింది. తల తిప్పి చూశాడు. కెల్లీ వాళ్ళ ఉత్తరాల పెట్టె ఉన్నచోటే ఉంది, అదే వంకర కొయ్య మీద, అదే ఎర్ర రేకు జెండాతో. కాకపోతే కిందెక్కడో ఉంది. శనివారం దాకా భుజం భుజం కలిపి నిలబడ్డ పెట్టె సోమవారానికల్లా కాళ్ళకి దణ్ణం పెడుతున్నట్టుంది.

నడుము దాకా బయటికి వంగాడు. తలుపు అంచు చంకలో గుచ్చుకుంది. మూత తీయగలిగాడు గాని లోపలికి చూపు పోదు. తడుముకుంటూ కాగితాలు పెడితే కరెంటు బిల్లు జారి బురదలో పడింది. బండి దిగి, బిల్లు తుడిచి, పెట్టెలో పెట్టి, మళ్ళీ ఎక్కడానికి తలుపు పట్టుకుని వేలాడాడు. ఆ రోడ్డు మీద అది మొదటి పెట్టె. దాని వెనక కొండల్లో ఇంకా వందల పెట్టెలు ఉన్నాయి.

"ఎత్తు వేశాను, ఎత్తే తప్పింది" అనుకున్నాడు.

ఆ కొండల్లో పోస్టుమాన్లు సొంత బండ్లమీదే తిరుగుతారు. పెట్టెలన్నీ రోడ్డుకి కుడిపక్కన ఉంటాయి, స్టీరింగేమో ఎడమపక్కన. అందుకని డెల్మార్ బండిలో బల్లలాంటి పొడుగాటి ముందు సీటుకి కుడిచివర కూర్చుని, ఎడంకాలు అవతలికి చాపి బ్రేకు తొక్కుతూ, ఎడంచేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడిచేత్తో ఉత్తరాలు పంచుతాడు. ఎదురొచ్చేవాళ్ళకి డ్రైవరు సీటు ఖాళీగా, బండి దాని మానాన అది పోతున్నట్టు కనిపిస్తుంది. అతని బతుకూ దాదాపు అలాగే సాగింది. అసలు సీట్లో ఎవరూ కూర్చోలేదు. కుడిచెయ్యి ఎండకి కమిలి ఇటుకరంగు తేలింది, ఎడమది పిండిలా తెల్లగా మిగిలింది. ఏ విషయమూ ఒక పట్టాన తేల్చుకోడు. పెళ్ళి మాట తేల్చుకునేలోపు పిల్లే తేల్చేసుకుని ఇంకొకణ్ణి చేసుకుంది. ఊరందరికీ ఉత్తరాలిచ్చేవాడు, ఒక్క ప్రశ్నకీ ప్రత్యుత్తరం ఇవ్వలేడు.

బండిని లేపడం కూడా అతనికి పుట్టిన ఆలోచన కాదు, వాగు పుట్టించింది. లారెల్ ఫోర్కు వాగు వసంతంలో వానలకి అడుగు కోసుకుపోయి, గుండ్రాళ్ళు పైకి తేలాయి. దాటిన ప్రతిసారీ బండి పొట్ట రాళ్ళకి గీసుకునేది. పోయిన వారం పొగగొట్టం ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది. పోస్టాఫీసు నడిపే జెనీవా సంగతి నానబెట్టే మనిషి కాదు.

"దాటగలవో లేవో చెప్పు డెల్మార్. లేవంటే వాగవతలి పెట్టెలన్నీ పీకించి హైవే పక్కన వరసగా పెట్టిస్తా. వాళ్ళే వచ్చి తీసుకుంటారు."

వాగవతల ఆఖరి ఇల్లు ఆర్ఫా అత్తది. ఎవరికి అత్తో ఎవరికీ తెలియదు గాని లోయ మొత్తం ఆమెను అత్త అనే పిలుస్తుంది. పొట్టి మనిషి, పైగా గూని. పెట్టె మూత సరిగ్గా ఆమె గడ్డానికి వస్తుంది. హైవేకి నడిచి రావడం ఆమె వల్ల కాదు. ఆమెకి వచ్చేవి విత్తనాల కంపెనీ పుస్తకాలూ, ఎవరి పేరూ లేని ప్రకటనలూను. ఏమీ రాని రోజు కూడా డెల్మార్ అక్కడ ఆగుతాడు. రోజుకి అతనితో నాలుగు మాటలు మాట్లాడేది ఆమె ఒక్కతే. ఆ నాలుగులో మూడు తిట్లు. పెట్టె హైవేకి పోతే ఆ నాలుగూ పోతాయి.

అలా బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ల వేట మొదలైంది. శుక్రవారం సాయంత్రం బావ హోబర్ట్ షెడ్డులో, గోధుమరంగు బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటూ బొమ్మల పుస్తకం తిరగేశారు. రెండంగుళాలది, నాలుగుది, ఆరుది. ఇరుసుల మీద బరువు మోసే కమాన్లు మార్చేది, వాటి కింద దిమ్మలు పెట్టేది, బాడీని మాత్రమే లేపేది. ఏ కిట్టు చూసినా డెల్మార్‌కి కిట్టలేదు.

"రెండు చాలదా బావా?"

"రెండు లేపితే నీకు తెలుస్తుంది, వాగుకి తెలీదు."

"పోనీ ఆరు?"

"ఎక్కడానికి నిచ్చెన, దిగడానికి పాస్టరూ కావాలి. నాలుగు చెయ్యి."

"కమాన్లెందుకు, ముందూ వెనకా దిమ్మలు పెట్టేస్తే పోదూ?"

"వెనకయితే పెట్టుకో. ముందు పెట్టావా, బ్రేకు కొట్టినప్పుడు దిమ్మ ఓ దారి, నువ్వో దారి. ముందు కొత్త కమాన్లే."

నాలుగు అంగుళాలు లేస్తేగాని నాలుగు వేళ్ళు నోట్లోకి పోవని తేలింది. శనివారం అతను పెట్టె దగ్గర ఆగేసరికే ఆ మాట ఆర్ఫా అత్త చెవిన పడనే పడింది. కొండల్లో కబురుకి పోస్టుమాన్ అక్కర్లేదు.

"బండిని లేపుతున్నావటగా. ఎంత?"

"ఇంకా పూర్తిగా తేల్చుకోలేదత్తా."

"తేల్చుకోకుండా నువ్వు చేసింది ఒక్కటేరా, పుట్టడం. ఎంతో చెప్పు."

"బావ నాలుగంటున్నాడు."

ఆమె బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగూ అతని ముక్కు ముందు నిలబెట్టింది. "నాలుగేనా? మళ్ళీ మార్చవు కదా?"

"మార్చను."

ఎగతాళి చేస్తోందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. అదీ అర్థం కాలేదు.

హోబర్ట్ పట్నంలో కొట్టు నుంచి కిట్టు తెచ్చాక, ఆ సాయంత్రం మొదలుపెట్టిన పని ఆదివారం పొద్దుగూకేదాకా సాగింది. బండిని స్టాండ్ల మీదికెత్తి, చక్రాలూడదీసి, ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు. తప్పు చేసినవాడైనా ఒప్పుకుంటాడు గాని తుప్పు ఒప్పుకోదు. కమాన్లని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు నూనె పోసినా కదల్లేదు, పానాకి గొట్టం తొడిగి లాగినా కదల్లేదు; చివరికి హోబర్ట్ మంటతో ఎర్రగా కాల్చాక కిర్రుమన్నాయి. పాత కమాన్లు అలసిన మనుషుల్లా చదునుగా కుంగి ఉన్నాయి. కొత్తవి విల్లుల్లా వంగి ఉన్నాయి. వెనక ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనపదిమ్మలు కూర్చోబెట్టారు. బ్రేకు గొట్టాలు పొట్టివైపోతే పొడుగువి వేశారు. అన్నీ బిగించి కిందికి దించాక, హోబర్ట్ వెనక్కి నడిచి చూసి మొహం చిట్లించాడు.

"ఏనుక్కి మేక కాళ్ళు పెట్టినట్టుందిరా. ఆ మూల నా పాత పెద్ద టైర్లున్నాయి, తగిలించు."

"అవసరమా బావా?" అంటూనే డెల్మార్ తగిలించాడు. దాంతో బండి ఇంకో రెండంగుళాలు లేచింది. పెట్టెల సంగతి ఇద్దరికీ తట్టలేదు. వాళ్ళు కొలిచిందంతా నేలకీ ఇరుసుకీ మధ్యన. చేతికీ పెట్టెకీ మధ్యన కొలవాలని ఏ బొమ్మల పుస్తకంలోనూ లేదు. ఉత్తరాల పెట్టె ఎంత ఎత్తున ఉండాలో ప్రభుత్వం రాసిపెట్టింది గాని, పోస్టుమాన్ ఎంత ఎత్తున ఉండాలో రాయలేదు.

సోమవారమంతా అలా దిగుతూ ఎక్కుతూనే గడిచింది. మధ్యాహ్నానికి చంక కందిపోయింది, మోకాళ్ళు వేరే ఎవరివో అన్నట్టున్నాయి. ఒక చోట అతని చేతినే చూసి మొరిగే అలవాటున్న కుక్క, పూర్తి మనిషి దిగేసరికి ఏం చేయాలో తోచక ఊరుకుంది. టైర్లు మార్చేయాలా, కమాన్లు తీసేయాలా, రెండూనా, ఉద్యోగమే మానేయాలా? ఏదీ తేలలేదు.

వాగు దగ్గర మాత్రం తేలింది. రాళ్ళు కిందనే ఉండిపోయాయి, నీళ్ళు ఇరుసుల్ని తాకి పక్కకి తప్పుకున్నాయి, బండి గీసుకోకుండా అవతలి గట్టెక్కింది. ఈ సంగతి ఆర్ఫా అత్తకి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాడు. చివరి మలుపు తిరిగి, ఆమె పెట్టె పక్కన ఆపి, అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

మూత దాదాపు చేతికే తగిలింది.

కొత్త కమాన్లు కుంగిపోయాయి అనుకున్నాడు. గభాలున దిగి ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. కమాన్లు విల్లుల్లానే ఉన్నాయి. వెనక్కి వెళ్ళి చూస్తే దిమ్మలూ దిమ్మల్లానే ఉన్నాయి. బండి దిగలేదు. మరేం జరిగింది? పెట్టె కొయ్య మొదట్లో కొత్త మట్టి ఉంది, దాని పక్కన ఎవరో మరిచిపోయినట్టు నీలం బాల్చీ ఒకటి బోర్లించి ఉంది.

అరుగు మీద ఆమె లేదు. ముంగిట్లో రెండు మూడు బండ్లున్నాయి. పక్కింటి ఆర్లిస్ టోపీ చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"పొద్దున మా ఆవిడ పాలివ్వడానికి వెళ్తే ఇంకా పక్కమీదే ఉందట" అన్నాడు. "నిద్రలోనే పోయింది."

డెల్మార్ తల ఊపాడు. అతని నోట వచ్చిన మాట అతనికే వింతగా తోచింది. "పెట్టె ఎత్తుగా ఉంది."

"నిన్న చర్చి అయ్యాక నన్ను పట్టుకుంది. కొయ్య పీకి నాలుగంగుళాలు ఎత్తుగా పాతాలంది. వేలెడు తగ్గినా ఒప్పుకోనంది. నీకే అందదు కదా అత్తా అంటే, నా సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు తవ్వు అంది. ఎందుకో నాకు బోధపడలేదు."

"ఇంకో రెండంగుళాలు..." అని ఆగాడు డెల్మార్. "టైర్ల సంగతి చెప్పలేదు నేను."

"ఏ టైర్లు?"

డెల్మార్ బండెక్కి కుడిచివర కూర్చుని, ఆమె పేరున్న విత్తనాల పుస్తకం తీశాడు. రెండంగుళాల మేర కిటికీలోంచి వంగి, పెట్టెలో పెట్టి మూత మూశాడు.

ఆర్లిస్ బాల్చీ మీదికి వంగాడు. "ఇది తీసేయనా? నీ బండికి అడ్డం."

"ఉండనీ" అన్నాడు డెల్మార్, వెంటనే.

ఆర్లిస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొత్త మట్టిలో ఒక పక్కకి కొద్దిగా దిగబడి, పైకి తిరిగిన అడుగు మీద రెండు చిన్న బూట్ల బురద గుర్తులు ఎండిపోయి, బాల్చీ పెట్టె కిందే ఉండిపోయింది.