మబ్రూకాకి ఊత

శుక్రవారం పొద్దున మా పాలరాతి క్వారీలో రాయి కొట్టరు. ఆ పూట రాళ్ళెత్తే లోడర్ సర్వీసింగుకే. ఎయిర్ ఫిల్టరు దులపాలి, ఆయిలు చూడాలి, కీలుకీలుకీ గ్రీజు ఎక్కించాలి. అదంతా అయ్యాకే కుస్‌కుస్ పళ్ళెం ముందు కూర్చునేది. మిషను మురికిగా ఉంటే మాకు ముద్ద దిగదు. అట్లాంటివాళ్ళం మేము!

లోడర్ పేరు మబ్రూకా. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, "బిస్మిల్లా, ఎత్తమ్మా" అంటే చాలు, చొక్కా విప్పించుకునే పిల్లలా ముందున్న రెండు ఇనుప చేతులూ పైకెత్తేది. వాటి చివరనున్న రాళ్ళ బకెట్టు పైకి పోయేది. ముసలి మెకానిక్కు అద్దీ దాని కిందికి దూరి నింపాదిగా గ్రీజు కొట్టుకునేవాడు. ఎత్తిన చేతుల కింద ఇనుప ఊత పెట్టాలని రూలుంది. ఉంటే? మా మబ్రూకాకి ఊత పెట్టడమంటే ఇంటికొచ్చిన చుట్టం జేబులు తడమడమే. ఊత షెడ్డులో మూల పడి తుప్పుపట్టింది.

ఇప్పుడు అద్దీకి మోకాళ్ళు పోయాయి. ఆ పని కూతురు ఇట్టోకా, మేనల్లుడు హమ్మూకా? ఇట్టోకి చిన్నప్పటి నుంచీ మరో పని మీద మనసే లేదు. మబ్రూకా ఎవరి మాట వింటే వాళ్ళదే పని అని మేస్త్రీ లర్బీ తేల్చేశాడు.

హమ్మూ ముందు పిలిచాడు. ఎత్తింది. కుర్రాళ్ళు ఈలలేశారు.

"చూశావా మరదలా? ఇక ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకో."

"తొందరెందుకు బావా, నా వంతు కానీ."

హమ్మూ దింపించాక ఇట్టో పిలిచింది. ఆమెకీ ఎత్తింది. కానీ ఇట్టో కిందికి దూరలేదు. షెడ్డులోకి వెళ్ళి ఆ ఊతని భుజాన మోసుకొచ్చింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇదేం పనే?" అన్నాడు లర్బీ.

"నా పరువు తీస్తున్నావే పిల్లా," అద్దీ మొహం ఎర్రబడింది. "దాని మీద నమ్మకం లేదా?"

"ఉంది నాన్నా. దాని చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో. నువ్వు కింద ఉన్నంతసేపూ అట్లాగే మోసేది. పాపం, ఒక్కనాడైనా దించుకోమన్నామా?"

ఇట్టో ఊత నిలబెట్టి, "ఆనుకోమ్మా" అంది. మబ్రూకా మెల్లగా బరువంతా దాని మీద పెట్టి పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆ గాలికి మా టోపీలు ఎగిరిపోయాయి.

హమ్మూకి ఉక్రోషం వచ్చింది. "నాకీ ఊతా గీతా అక్కర్లేదు. ఎత్తమ్మా మబ్రూకా, తీసేస్తాను."

ఎత్తలేదు. బతిమాలాడు, తిట్టాడు, ఊతని కాలితో తన్నాడు. తన్నిన కాలే నొప్పెట్టింది. మబ్రూకా ఉలకలేదు, పలకలేదు.

అద్దీ కుంటుకుంటూ వచ్చి దాని చేతిని నిమిరాడు. ముసలాడి కళ్ళు నిండాయి.

"ఇన్నేళ్ళూ నన్ను బతికించడానికి మోశావా తల్లీ! నాకు తోచలేదు. నా బిడ్డకి తోచింది!" అని క్వారీ అంతా వినబడేట్టు అరిచాడు. "ఒరే లర్బీ, చూస్తావేంరా? గ్రీజు గన్ను నా కూతురికియ్యి!"

లర్బీ రెండు చేతులతో ఇచ్చాడు. ఇట్టో బిస్మిల్లా అనుకుని బకెట్టు కిందికి దూరింది.