అక్క చెప్పిన రేటు

మావయ్య ఇచ్చిన గడువు ఆ ఆదివారంతో అయిపోతుంది. ఆయన పనిచేసే గోడౌన్‌లో బిల్లులు కొట్టే ఉద్యోగం ఖాళీగా ఉంది. అక్క వస్తానంటే సోమవారం నుంచి ఆమెకి, రానంటే ఇంకెవరికో.

"ఇంట్లో కూర్చుని కంప్యూటర్ వంక చూస్తుంటే డబ్బులు రాలతాయా? పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం, పని పనే కదే" అని వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి మరీ అన్నాడు.

అక్క షాపులకి వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఎవరి కిందా ఉద్యోగం కాదు. పని ఒప్పుకుని గంటల లెక్కన డబ్బు తీసుకుంటుంది. అందులో కూర్చుంటే ఆమెకి ఆకలి కూడా తెలియదు. కానీ ఇన్నాళ్ళూ ఎవరు ఎంత ఇస్తామంటే అంతకే చేసింది. ఈసారి మంచాల షాపాయన, ఇదివరకు అక్క చేసిచ్చిన వెబ్‌సైట్లోనే ఆర్డర్లు వచ్చేలా చెయ్యమన్నాడు. పెద్ద పని.

"ఇది సరైన రేటుకి కుదిరితే మావయ్యకి రానని చెప్పేస్తానే" అంది అక్క నాతో.

సరైన రేటు అంటే ఎంతో మా ఇద్దరికీ తెలియదు. మంచం మీద ఎదురెదురుగా కూర్చుని లెక్కలు వేశాం. కరెంటు, నెట్టు, వేడెక్కి మూలిగే లాప్‌టాప్. కొత్తది నేర్చుకునే కాలానికి ఎవరూ డబ్బివ్వరు. షాపాయన ఫోన్ ఎత్తేదాకా పడిగాపులు పడ్డందుకూ ఇవ్వరు.

"పని లేని రోజులకి కూడా పని ఉన్న గంటే తిండి పెట్టాలే" అంది అక్క.

అన్నీ కలిపితే గంటకి ఎనిమిది వందలు తేలింది. ఆ అంకె చూస్తే వేరేవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది. అందుకని అలవాటు చేసుకోవాలనుకున్నాం. నేను షాపాయన్ని, అక్క అక్కే.

"ఎనిమిది వందలా! ఏం అమ్మాయ్, బంగారు తాపడం చేస్తావా?" అన్నాను గొంతు బొంగురు చేసి.

"లేదండీ. మీరు నిద్రపోతున్నా మీ మంచాలు అమ్ముడుపోయేలా చేస్తాను."

"మా తోడల్లుడి కొడుకు ఊరికే చేస్తానన్నాడు మరి!"

"అయితే వాడు పాడుచేశాక నాకు ఫోన్ చెయ్యండి." అనేసి అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, ఇది మాత్రం అనలేనే!"

ఇద్దరం దుప్పట్లో మొహాలు దాచుకుని నవ్వాం. బయటివాళ్ళ ముందు మా ఇద్దరికీ నోరు పెగలదు. ఆ గదిలో మాత్రం ఎవరినైనా గెలుస్తాం.

ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. నాకు వినపడేలా స్పీకర్ పెట్టింది. పక్క గదిలో అమ్మ కుట్టు మిషన్ టకటకలాడుతోంది.

"చెప్పమ్మా, ఎంతవుతుందంటావు?" అన్నాడు షాపాయన.

"గంటకి ఎనిమిది వందలండీ." ఒక్క గుక్కలో చెప్పేసింది.

అటునుంచి మాట లేదు.

ఆయన అనబోయే ప్రతి మాటకీ మా దగ్గర జవాబుంది. ఏమీ అనకపోతే ఏం చెయ్యాలో మేం ఆలోచించుకోలేదు. ఎదుటివాళ్ళు ఊరుకుంటే తట్టుకోలేకపోవడం మా ఇంటి జబ్బు. అమ్మ కుట్టిన చొక్కాని ఎవరైనా మాట్లాడకుండా అటూ ఇటూ తిప్పి చూస్తే చాలు, "పోన్లెండి, మీకు తోచింది ఇవ్వండి" అనేస్తుంది.

"అంటే... మీరు పాతవారు కదండీ, ఆరు వందలు చేసుకుందాం" అంది అక్క.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఫోన్లోంచి ఇంకా ఏమీ రాలేదు.

"పోనీ నాలుగు వందలండీ. పోయినసారి తీసుకున్నంతే."

అప్పుడు ఏదో బరువైనది నేలకి తగిలిన చప్పుడు. "ఒరేయ్, గోడకి తగలనివ్వకండ్రా, మంచం కోడు విరుగుతుంది!" తర్వాత గొంతు దగ్గరికొచ్చింది. "ఆఁ, ఏమన్నావమ్మా? లోడు దిగుతోంటే ఫోన్ బల్ల మీద పెట్టేసి వెళ్ళాను. ఒక్క ముక్క వినలేదు."

ఆయన ఏదీ వినలేదు. ఎనిమిదీ వినలేదు, ఆరూ వినలేదు, నాలుగూ వినలేదు. ఎనిమిది వేళ్ళు చూపించాను, చప్పుడు రాకుండా పెదవులతో కూడా చెప్పాను. అక్క నా వేళ్ళవంక చూసింది.

"నాలుగు వందలండీ" అంది.

"అంతేగా? కానీ అయితే. మా బావమరిదికి సోఫాల షాపుంది. వాడికీ ఇదే రేటుకి చేసిపెట్టు, నేను చెప్తాలే."

"అలాగేనండీ."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. "ఎందుకే? ఆయన వినలేదుగా!"

"నేను విన్నానుగా" అంది అక్క. "నా నోటితో నేనే తగ్గించేశాక మళ్ళీ ఎనిమిది ఎలా వస్తుందే?"

మిషన్ ఆగింది. అమ్మ మెడలో టేపుతో లోపలికొచ్చింది. "కుదిరిందా?"

"కుదిరిందమ్మా. రెండు షాపులు."

"మా తల్లే! మరి మావయ్యకి రానని చెప్పెయ్యనా?"

"వస్తానని చెప్పు."

అమ్మ మొహం అర్థంకానట్టు పెట్టింది. "అదేంటే, కుదిరిందన్నావుగా?"

"కుదిరిందమ్మా. దాంతో ఇల్లు గడవదు."

అమ్మ మా ఇద్దరి వంకా చూసి, ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఆమె ఫోన్లోంచి మావయ్య గొంతు ఈ గదిదాకా వినిపించింది. "చూశావా, నే చెప్పలా? వస్తుందని నాకు తెలుసు!"

పగలంతా గోడౌన్. సాయంత్రాలు మంచాలు, అవి కాగానే సోఫాలు. ఇక మా ఊళ్ళో ఏ షాపువాడు అడిగినా అక్క రేటు నాలుగు వందలే. కాదని అనడం ఆమె వల్ల కాదు. ఆమె పక్కన కూర్చున్న నా వల్లా కాదు.

లాప్‌టాప్ మీద షాపాయన పంపిన ఫొటోలు వచ్చాయి. అక్క మొదటిది తెరిచింది. మంచం సగమే పడింది, అదీ మసకగా.

"మళ్ళీ తీసి పంపమని అడగవే" అన్నాను.

"వద్దులే పాపం" అంది అక్క, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "నేనే సరిచేస్తాను."