మడతల్లో దాచిన బట్ట

పదో తరగతి పరీక్షలయ్యాక ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక జమాల్ బీ ఖాలా దగ్గర కుట్టు నేర్చుకుంటున్నాను. రెండు నెలలుగా చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్సులు, అంతే. కొత్తవాళ్లెవరైనా వస్తే మిషను మీదికి తల దించేసుకుంటాను.

మొన్న మంగళవారం ఖాలా మొదటిసారి నా చేతికి ఒక జాకెట్టు ఇచ్చింది. తెల్లటి ఆర్గాంజా. సుసన్న అక్కకు ఆదివారం చర్చిలో ప్రధానం, అంటే నిశ్చితార్థం. పెళ్లి వచ్చే నెల.

"ఒంటికి లైనింగ్ ఉంటది, నేను జూసుకుంట. చేతులకు ఉండది, గవి నువ్వు కుట్టు. మంచిగొస్తే ఇగ జాకెట్లే. రాకుంటే మళ్ల ఫాల్స్," అంది.

కొలతలిచ్చిన రోజు సుసన్న అక్క వాళ్లమ్మ సత్తమ్మ గట్టిగా చెప్పి వెళ్లింది. "లోపల బట్ట జర ఎక్కువ ఇడువుండ్రి. పెండ్లయినంక పిల్ల ఒళ్లు చేస్తది."

మా ఇళ్లలో జాకెట్టంటే అంతే. లోపల వేలెడు బట్ట వదలాలి, లావైతే కుట్టు విప్పుకోవాలి. నేనూ అలాగే వదిలి, అంచులకు ఇంటర్‌లాక్ కొట్టి ఇచ్చాను.

ఖాలా జాకెట్టు చెయ్యి ఒకదాన్ని గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టింది. "గిదేందే నర్మదా? దవాఖానల పట్టీ కట్టినట్టున్నది!"

నిజమే. పల్చటి బట్టలోంచి నేను వదిలినదంతా మందంగా కనిపిస్తోంది. "కత్తిరించాల్నా, ఖాలా?"

"కత్తిరిస్తే సత్తమ్మ మనిద్దర్ని కత్తిరిస్తది. ఆగు."

కుట్టు విప్పింది. పాత సూది బెజ్జాలు వరసగా మిగిలాయి. నాకు ఏడుపొచ్చింది. ఖాలా ఆ బెజ్జాలు లోపలికి పోయేలా బట్టను గోటితో మడిచింది. బియ్యపు గింజ వెడల్పు మడత. దాన్ని సన్న సూదితో పొడవునా కుట్టింది. పక్కన ఇంకోటి, ఇంకోటి. వదిలిన వేలెడు బట్టా మూడు మడతల్లో ముచ్చటగా సర్దుకుంది. నా చేతుల్లో జారిపోయే ఆ బట్ట ఆమె మాట వింది.

ఇంటర్‌లాక్ అంచు తీసేసి, ముందు బయటివైపు సన్నగా ఒక కుట్టు వేసింది. పోగులు కత్తిరించి, చెయ్యిని తిరగేసి, ఆ అంచును మింగేస్తూ లోపలివైపు రెండో కుట్టు వేసింది. వెలుతురుకు పడితే ఒక్క సన్నటి గీత.

"ఎడమ చెయ్యి నీది," అంది.

నాకు ఒక్కో మడతకు పావుగంట పట్టింది.

శనివారం సుసన్న అక్క జాకెట్టు వేసుకుని చేతులెత్తి చూసుకుంది. సత్తమ్మ జాకెట్టు చెయ్యి లోపల వేలు పెట్టి వెతికింది. ముఖం మారింది. "లోపల బట్టేది? అంత మీరే కోసుకున్నరా?"

ఖాలా సూదిలోకి దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు. "మా నర్మద చెప్తది."

అందరూ నన్నే చూశారు. "ఈ మడతలల్లనే ఉన్నది, పెద్దమ్మా. ఒళ్లు చేస్తే ఒక్కోటి ఇప్పుకోవచ్చు."

సత్తమ్మ లెక్కపెట్టింది. "అంటే మూడుసార్లు లావైనా ఫికర్ లేదన్నట్టు!"

"అమ్మా! ముందుగాల ప్రధానం కానియ్యే!" అంది సుసన్న అక్క.

వాళ్లు నవ్వుకుంటూ వెళ్లాక ఖాలా అంది, "ఎడమ చేతిల మూడో మడత జర వంకర పోయింది."

నాకు తెలుసు. నేను తల దించుకునేలోపే, నా మిషను మీది ఫాల్స్ కట్ట తీసి పక్కనపెట్టి, ఒక నీలం నెట్ జాకెట్టు బట్ట పరిచింది.