మజ్జిగ కుండ

గోరంట్ల పక్క పల్లెలో, ఆంజినమ్మ ఇంట్లో కల్లును కల్లు అనేవారు కాదు, మజ్జిగ అనేవారు. మద్యనిషేధం రోజులు మరి. వంకలోని ఈతచెట్ల నుంచి పొద్దున్నే కుండ వచ్చేది, మూతికి తెల్లగుడ్డ కట్టుకుని, ఎంతో పెద్దమనిషిలా.

కోడలు కదిరమ్మకు ఏడో నెల. కడుపులో బిడ్డ ఒకటే తన్నులు.

“ఒక ముంత మజ్జిగ తాగు మే, బిడ్డ గమ్మునైతాది. ఓబుళేసప్పుడు దినామూ తాగినావు. కడుపులో వాడెంత నెమ్మదిగా ఉన్న్యాడు!” అంది ఆంజినమ్మ.

ఆ మాట కదిరమ్మ గుండెలో గుచ్చుకుంది. పెద్దకొడుకు ఓబుళేసుకు ఆరేళ్లు. బంగారంలాంటి పిల్లాడే. కానీ నడక ఆలస్యమైంది, మాటలు ఇప్పటికీ నాలుగైదే. ఎందుకిలా అయిందో చెప్పినవాళ్లు లేరు. తను తాగిన రోజు వాడు కడుపులో కదిలేవాడు కాదని మాత్రం ఆమెకు బాగా గుర్తు. ఈ బిడ్డకు చుక్క కూడా తగలనివ్వకూడదనుకుంది. అయితే అత్తతో వాదించి గెలిచినవాళ్లు ఆ వీధిలోనే లేరు.

“అత్తా, నాకో కోరిక పుట్టినాది.”

ఆంజినమ్మ ముఖం చేటంతయింది. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే బిడ్డకు దోషమని ఊరందరికీ చెప్పేది తనే.

“అడుగు మే! ఏం కావాల?”

“ఆ కుండ.”

“ఇప్పుడు దారికొచ్చినావు!” అని మురిసిపోతూ తెచ్చి చేతికిచ్చింది.

కదిరమ్మ దాన్ని తీసుకెళ్లి పెరట్లో దిబ్బ మీద బుడబుడా వంచేసింది. ఆంజినమ్మ లబోదిబోమంది.

“అయ్యో, ఇదేం కోరికే తల్లీ!”

“కాన్పయ్యేదాకా దినామూ ఇదే కోరిక అత్తా. నేనేం చేసేది? బిడ్డ అడుగుతాండాది.”

ఓబుళేసు చప్పట్లు కొట్టాడు. వచ్చి అమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి, “తన్నె!” అని పకపకా నవ్వాడు. ఆంజినమ్మ తిట్లు ఆపి తనూ చెయ్యి పెట్టింది.

“అబ్బా, ఏం తన్నుతాండాదే!” అని మనవడి వైపు చూసింది. “వీడు ఇట్ల ఒక్కసారన్నా తన్నలేదు గదమ్మే.”

“మనం యాడ తన్ననిచ్చినాం అత్తా?”

ఆంజినమ్మ ఓబుళేసును దగ్గరికి లాక్కుని చాలాసేపు వాడి తల నిమురుతూ కూర్చుంది.

మరునాడు పొద్దున మళ్లీ కుండ వచ్చింది, అదే తెల్లగుడ్డతో. కదిరమ్మ పళ్లు కొరుకుతూ లేచింది.

“ఆగు మే, పారబోసేవు!” అంటూ ఆంజినమ్మ గుడ్డ విప్పి, మొదటి ముంత ఓబుళేసుకు పోసింది.

కదిరమ్మ లాక్కోబోయి ఆగింది. ముంతలో కరివేపాకు తేలుతోంది.