కుర్చీ చెప్పిన చాడీ

ముందే ఒప్పేసుకోవాలి: ఈ కథలోని పిల్ల మీద మీకు జాలి కలిగేలా చెబుదామంటే కుదరలేదు. చేసుకున్నదంతా చేతులారా చేసుకుంది.

ఇంజనీరింగ్ చివరి ఏడు. ఇంట్లో అందరూ ఆమెని సైంటిస్టు అనేవాళ్ళు. అది వెటకారమని ఆమెకి చాలాకాలం తెలియలేదు. ప్రాజెక్టు ఏమిటంటే, లోపల సెన్సర్లు పెట్టిన కుర్చీ దిండు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే బుర్రుమని వణికి లేవమంటుంది. అది పనిచేస్తుందని తేల్చడానికి మనుషులు కావాలి. బయటివాళ్ళని అడగడానికి మొహమాటం కాబట్టి ఇంట్లోవాళ్ళ మీద పడింది. నాన్న దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అమ్మ, అది వణికినప్పుడల్లా విసుక్కుని పక్కన పెట్టేసింది. బాబాయ్ రెండు రోజులకే వదిలేశాడు. శ్రద్ధగా వాడింది ఒక్క పిన్నే. పై వాటాలో ఉంటూ, పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని బట్టలు కుట్టే మనిషి.

దిండు ఇచ్చేముందు గైడు మేడం చదవమన్న షరతులు చదివింది, తరుముతున్నట్టు గడగడా. "ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మీ వివరాలు తీసేస్తాం."

"సరేలేవే, ముందా దిండు ఇటు తే. నడుం పోతోంది," అంది పిన్ని.

పిన్ని ఎప్పుడెప్పుడు కూర్చుందో చూపే గ్రాఫు చూసి సైంటిస్టు మురిసిపోయింది. మధ్యాహ్నాలు కుర్చీ ఖాళీ! దిండు మాట విని పిన్ని లేచి తిరుగుతోందన్నమాట. ఆ స్లైడుకి "వెన్నెముకకు విముక్తి" అని పేరు కూడా పెట్టింది.

రివ్యూకి ముందురోజు హాల్లో అందరినీ కూర్చోబెట్టి రిహార్సల్ మొదలెట్టింది. పేర్లు లేవు, "వ్యక్తి నాలుగు" అనే ఉంది. తన జాగ్రత్తకి తనే పొంగిపోయింది.

"ఈ నాలుగో మనిషి మా ఆవిడే కదూ?" అన్నాడు బాబాయ్. "ఇంట్లో పొద్దున్నే కుర్చీ ఎక్కేది ఇంకెవరు? అయితే మధ్యాహ్నాలు ఖాళీగా ఉందేం? ఫోన్ చేస్తే మిషను మీదున్నానంటావుగా?"

"నీళ్ళు తాగడానికి లేచుంటాను."

"సముద్రం తాగొచ్చావా?"

పిన్ని నవ్వలేదు. లేచి సైంటిస్టుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నా గీత తీసెయ్."

"పిన్నీ! నువ్వు లేకపోతే నాకు మిగిలేది నాన్న తలకాయే!"

"కారణం చెప్పక్కర్లేదన్నావుగా?"

"అది చదవాలి కాబట్టి చదివానే తల్లీ."

"నువ్వు చదివావని నమ్మే కూర్చున్నా."

"పోనీ ఎక్కడికెళ్తున్నావో నాకొక్కదానికైనా..."

"చెప్పను."

గదిలోకెళ్ళి లాప్‌టాప్ తెరిచింది సైంటిస్టు. వ్యక్తి నాలుగుని వ్యక్తి తొమ్మిది చేస్తే రేపు మేడంకి ఏం తెలుస్తుంది? చేసింది కూడా. తర్వాత ఆ గ్రాఫుని మళ్ళీ చూసింది. పిన్ని ఎటో వెళ్తే తను దాన్ని దిండు గొప్ప అనుకుంది. ఎందుకు లేచావని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. విముక్తి అట, విముక్తి! సిగ్గేసింది. పిన్ని డేటా మొత్తం తీసేసింది. ప్రాజెక్టులో గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఫలితం ఏదమ్మా?" అంది మర్నాడు మేడం.

"ఒకరు తప్పుకున్నారు మేడం."

"ఎందుకు?"

"అడక్కూడదు కదా మేడం."

"మరి దిండు పనిచేస్తుందా, లేదా?"

"తెలీదు మేడం. మా నాన్నకైతే నిద్ర బాగా పట్టింది."

మేడం నవ్వింది. నవ్వుతూనే, బయటివాళ్ళతో మళ్ళీ మొదట్నుంచీ చేసుకురమ్మంది. అంటే స్నేహితులంతా పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయాక కూడా ఈమె దిండు పట్టుకుని కాలేజీకి తిరగాలి.

ఇంటికొచ్చేసరికి బాబాయ్ గుమ్మంలోనే పట్టుకున్నాడు. "ఏమ్మా, ఆ నాలుగో మనిషి గ్రాఫు మళ్ళీ ఓసారి చూపించు."

"లేదు బాబాయ్, తీసేశా."

"ఎవరిదో అదైనా చెప్పు."

"చెప్పకూడదు. కావాలంటే పిన్నినే అడుగు, చెప్పాలనుంటే చెబుతుంది."

పైనుంచి మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

పిన్ని ఎక్కడికి వెళ్ళేదో ఈ కథ చెబుతున్నవాళ్ళకీ తెలీదు. మీరూ ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగాలు చేసి భంగపడ్డవాళ్ళైతే మీ గొడవ కాస్త రాసి పంపండి. సైంటిస్టుకి ప్రస్తుతం తోడు కావాలి.