మెత్తని కట్టు

చండకిరణుని ప్రతాపమునకు తాళజాలక సముద్రము సైతము నిశ్చలమై సీసపురేకువలె పరచుకొనియున్న యొక గ్రీష్మమధ్యాహ్నమున భీమిలి తీరమందలి ఎఱ్ఱమట్టిదిబ్బల చేరువనున్న వృద్ధాశ్రమము తలుపులు మూసికొని నిద్రాముద్రితమై యుండెను. ఆ నిశ్శబ్దమున పడకపడకకును తిరుగుచున్నది పరిచారిక నూకాలమ్మ యొక్కతె. యౌవనమునందే భర్తను గోలుపోయి ఆ కొలువున జేరి, మలమూత్రముల కేవగింపక పడకపుండ్లు కడిగి, కన్నబిడ్డలకే భారమైన పరాయి వార్ధక్యమును పసిబిడ్డవలె సాకుచు తల నెరసిన కరుణార్ద్రహృదయ ఆమె.

ఆమె సాకువారిలో అప్పలస్వామి యను వృద్ధు డొకడు. పూర్వము రేవున సరంగుగా పడవలు నడిపినవాడు. ముదిమిచే మతి చలించి, మరపడవ కూత చెవిని బడినంతనే వేళ మించినదని లేచి పరుగిడుచుండుటచే, ఆశ్రమాధికారిణి సువర్చలాదేవి యాజ్ఞచొప్పున అతని చేతులను గుడ్డపీలికలతో మంచపుపట్టెలకు బంధించుచుండిరి. ఆనాడు తండ్రిని జూడవచ్చిన కుమార్తె హైమవతి, ఒరసికొని నెత్తురు చెమ్మగిల్లిన ఆ మణికట్టులను గాంచి దుఃఖమాపుకొనలేక నూకాలమ్మ చేతులు పట్టుకొనెను.

"నాన్ననిలా చూళ్ళేకపోతున్నానమ్మా. నేనున్నంతసేపైనా విప్పు. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను."

నూకాలమ్మ తటపటాయించెను. అధికారిణి యాజ్ఞ ఆమె యెఱుగనిది కాదు. అయినను బంధింపబడిన యా వ్రేళ్లు చుక్కానికై తడవులాడునట్లు గాలిలో కదలుచుండుట జూచి మనసు నిలువక కట్లు విప్పెను. ముసలివాడు తన రెండు చేతులను తన మొగమునకు హత్తుకొని చాలసేపు అట్లే యుండెను. కనిపెట్టియుండుడని కుమార్తెకు జెప్పి పరిచారిక పుండ్లకు మందు తెచ్చుటకై లోనికి బోయెను. ఇంతలో చేతిలోని ఫోను మ్రోగుటయు హైమవతి మాటలాడుచు వసారాలోనికి నడచెను. దూరమున పడవ కూసెను. నూకాలమ్మ మందుతో మరలివచ్చుసరికి సరంగు మెట్లక్రింద తుంటి విరిగి పడియుండెను. కొలది దినములకే ఆసుపత్రిలో కన్నుమూసెను.

కర్మకాండానంతరము బంధువులందఱ యెదుట విచారణ జరిగెను. నూకాలమ్మ జరిగినది జరిగినట్లు విన్నవించెను. అందఱి చూపులును హైమవతిపైకి మరలెను. ఆమె భర్త వంకను అన్నల వంకను జూచి తల వంచుకొనెను.

"నేను విప్పమనలేదు. నేనొచ్చేసరికే విప్పేసి ఉన్నాయి."

"మీరే కదమ్మా ఇప్పమన్నారు? నా మొగం సూసి సెప్పండి," అని నూకాలమ్మ యడిగెను. హైమవతి తల యెత్తలేదు.

అప్పుడు సువర్చలాదేవి కంఠస్వర మించుకయు హెచ్చింపక పలికెను. "నీ జాలే ఆయన్ని చంపింది నూకాలమ్మా. ఇంక రావద్దు."

కొలువు పోయినందులకు ఆమె యేడ్వలేదు. హైమవతి యసత్యమునకును అంతగా కుందలేదు. అధికారిణి మాట మాత్రము ములుకువలె లోన నాటుకొని, దినదినమును లోతునకు దిగి, తుదకు అది నిజమేయని ఆమెయే నమ్మజొచ్చెను.

వర్షర్తువు గడచిన పిమ్మట అనకాపల్లిలో మఱియొక ఆశ్రమమువారు ఆమెను పనికి జేర్చుకొనిరి. మొదటి యుదయముననే, లేచినప్పుడెల్ల పడిపోవుచున్న యొక అవ్వ చేతులు కట్టుమని యాజ్ఞయయ్యెను. నూకాలమ్మ మాఱుమాటాడక తన పాతచీర చించి లోపల దూది పొదిగి ఆ కృశించిన మణికట్టులకు మెల్లగా చుట్టి ముడివేసెను.

"ఇప్పీ తల్లీ, నీకు పున్నెముంటాది," అని అవ్వ బతిమాలెను.

నూకాలమ్మ ఆమె తల దువ్వి, చిక్కులు తీసి, జడయల్లి, నుదుట ముద్దిడి, తరువాతి మంచమునకు నడచెను.

ఆమె కట్టిన చోట చర్మము కందదనియు, మచ్చ పడదనియు ఆశ్రమమువారు మిక్కిలి మెచ్చిరి. క్రొత్తగా జేరినవారిని ఆమెకడ శిక్షణకు నిలిపిరి. ఆ ప్రాంతమున దయామయి యని ఆమెకు పేరు వచ్చెను. ఆ దయామయి కట్టిన కట్టునుండి ఒక్క ముదుసలియు విడివడలేదు.